ఇన్‌స్టాల్ చేసిన గేములు పోకుండా పాత హార్డ్ డిస్క్ నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కు మారడం ఎలా?

కృష్ణాతీరం

సభ్యులందరికీ నమస్కారం. నా కంప్యూటర్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డ్, 16 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 11 సీ డ్రైవ్‌లో, అంటే 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలో ఉంది. గేములన్నీ డీ డ్రైవ్‌లో, అంటే 1 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. సీ దాదాపు నిండిపోయింది, డీలో సుమారు 800 జీబీ వాడకంలో ఉంది. ఈమధ్య వచ్చే గేములు హార్డ్ డిస్క్‌తో సరిపెట్టుకోవడం లేదు. స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని రాశారు. సైబర్‌పంక్ 2077 కూడా 2023లో 2.0 అప్‌డేట్‌తో అదే బాట పట్టింది.

అందుకని 2 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (మదర్‌బోర్డ్ మీది ఎం.2 స్లాట్‌లో నేరుగా బిగించే వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఒకటి తీసుకున్నాను. బోర్డులో ఎం.2 స్లాట్ ఒక్కటే ఉంది, అది ఖాళీగా ఉంది. మా ఇంటి ఇంటర్నెట్ 40 ఎంబీపీఎస్. ఈ వేగంతో 800 జీబీ మళ్ళీ దింపుకోవాలంటే నిరాటంకంగా నడిచినా 45 గంటలకు దగ్గరపడుతుంది. విండోస్‌నూ గేములనూ కలిపి కొత్త డ్రైవ్‌లోకి తేవాలి, ఏదీ మళ్ళీ డౌన్‌లోడ్ చేయకూడదు. స్టీమ్‌లోవే ఎక్కువ, ఎపిక్‌లో కొన్ని, ఎక్స్‌బాక్స్ యాప్‌లో ఫోర్జా హొరైజన్ 5, ఇవి కాక వాలరెంట్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

నల్లమల_నోడ్

కృష్ణాతీరం గారూ, మీరు అడిగినదానిలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. విండోస్ ఉన్న డ్రైవ్‌ను క్లోన్ చేయాలి, అంటే ఉన్నదున్నట్టు నకలు తీయాలి, గేములున్న డ్రైవ్‌ను మామూలుగా కాపీ చేస్తే చాలు. రెండో పని తేలిక కావడానికి కారణం ఉంది. స్టీమ్ గానీ ఎపిక్ గానీ గేము ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకునేది ఫోల్డర్ దారిని బట్టి, అంటే డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే చిరునామాను బట్టి. మీ ఫైళ్ళు అవే పేర్లతో, అవే ఫోల్డర్లలో, డీ అనే అక్షరం కిందే ఉన్నంతవరకు దాని వెనక ఉన్నది హార్డ్ డిస్కా ఎన్‌వీఎంఈనా అన్నది లాంచర్‌కు (స్టీమ్, ఎపిక్ లాంటి గేములు తెరిచే యాప్‌కు) పట్టదు. కాబట్టి కొత్త డ్రైవ్‌లో రెండు పార్టిషన్లు చేసి, మొదటిదానిలోకి సీని క్లోన్ చేసి, రెండోదానిలోకి డీలోని ఫోల్డర్లను కాపీ చేసి, చివరికి పాత హార్డ్ డిస్క్ నుంచి డీ అక్షరాన్ని తీసి రెండో పార్టిషన్‌కు ఇస్తే మీ పని అయిపోతుంది.

అయితే అసలు చిక్కు గేముల్లో ఉండదు, బూట్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ లేచే దశలో ఉంటుంది. ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ అన్నచోట యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) అని ఉందా, లెగసీ (పాత పద్ధతి) అని ఉందా? డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని రాసి ఉన్న, బూట్ ఫైళ్ళుండే చిన్న ముక్క ఏ డిస్క్‌లో ఉంది?

పార్క్‌లేన్_పాతకాపు

క్లోనింగ్ అనగానే నాకు ఒళ్ళు మండుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఏళ్ళ తరబడి కంప్యూటర్లు బిగించిన అనుభవంతో చెబుతున్నాను. పాత విండోస్‌ను క్లోన్ చేస్తే దానితోపాటు పాత చెత్త కూడా వస్తుంది, అంటే తీసేసిన డ్రైవర్ల ముక్కలు, ఎప్పుడో ప్రయత్నించి వదిలేసిన సాఫ్ట్‌వేర్లు, అర్థం కాని స్టార్టప్ ఎంట్రీలు అన్నమాట. కొత్త డ్రైవ్ కొన్నప్పుడు కొత్తగా విండోస్ వేసుకోవడమే శుభ్రమైన పద్ధతి. స్టీమ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ విభాగంలో పాత లైబ్రరీ ఫోల్డర్‌ను చూపిస్తే గేములన్నీ అదే గుర్తుపడుతుంది. స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో ప్రతి గేముకూ యాప్‌మ్యానిఫెస్ట్ అనే ఒక చిన్న ఏసీఎఫ్ ఫైల్ ఉంటుంది, స్టీమ్ దాన్ని చదివే ఏ గేము ఇన్‌స్టాల్ అయి ఉందో తెలుసుకుంటుంది. కాబట్టి విండోస్ తుడిచినంత మాత్రాన గేములు పోతాయన్నది వట్టి భయం.

నల్లమల_నోడ్

పాతకాపు గారి మాట స్టీమ్ వరకు అక్షరాలా నిజం. ఎపిక్ అలా నడవదు. దాని మ్యానిఫెస్ట్ ఫైళ్ళు గేము పక్కన ఉండవు, సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్ లోపల ఎపిక్ వారి ఉపఫోల్డర్‌లో ఉంటాయి. విండోస్ తుడిచినప్పుడు అవి కూడా పోతాయి కాబట్టి, గేము ఫైళ్ళు డీలో పదిలంగా ఉన్నా లాంచర్ మాత్రం ఇన్‌స్టాల్ అని చూపిస్తుంది. దానికి పాత ఉపాయం ఒకటుంది. గేము ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, ఎపిక్‌లో అదే చోట కొత్తగా డౌన్‌లోడ్ మొదలుపెట్టాలి. కొంచెం దిగాక ఆపి, లాంచర్ మూసేసి, పాత ఫైళ్ళను కొత్త ఫోల్డర్‌లోకి తెచ్చి మళ్ళీ కొనసాగించాలి. అది ఉన్న ఫైళ్ళను సరిచూసుకుని మిగిలిందే దింపుకుంటుంది. ఇలా ప్రతి గేముకూ చేయాలి. క్లోన్ చేస్తే ఈ శ్రమ అంతా తప్పుతుంది.

ఇంకొకటి, సేవ్ ఫైళ్ళు. గేము మళ్ళీ దిగుతుంది, సగం ఆడిన కథ మళ్ళీ దిగదు. సేవ్‌లు చాలావరకు సీ డ్రైవ్‌లో, మన యూజర్ ఫోల్డర్ కింద ఉంటాయి. కొన్ని డాక్యుమెంట్స్‌లో, కొన్ని సేవ్డ్ గేమ్స్‌లో, మిగిలినవి దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డర్‌లోని లోకల్ (Local), లోకల్‌లో (LocalLow), రోమింగ్ (Roaming) అనే మూడు గదుల్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. జీటీఏ 5 సేవ్‌లు డాక్యుమెంట్స్‌లోని రాక్‌స్టార్ గేమ్స్ ఫోల్డర్‌లో, ఎల్డెన్ రింగ్ సేవ్‌లు రోమింగ్‌లో ఉంటాయి. స్టీమ్ క్లౌడ్ ఉందని ధీమాగా ఉండకండి, ఆ సౌకర్యం అన్ని గేములకూ లేదు. క్లోన్ చేసినా చేయకపోయినా యూజర్ ఫోల్డర్‌ను, స్టీమ్‌లోని యూజర్‌డేటా ఫోల్డర్‌ను ముందుగా ఏదైనా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి.

కృష్ణాతీరం

చూశాను. బయోస్ మోడ్ యూఈఎఫ్ఐ అని ఉంది, రెండు డిస్కులూ జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలోనే ఉన్నాయి. కానీ 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ ఎస్‌ఎస్‌డీలో లేదు, డిస్క్ 0 అని చూపిస్తున్న హార్డ్ డిస్క్‌లో ఉంది. ఎస్‌ఎస్‌డీలో సీ మాత్రమే ఉంది. ఇది ఇబ్బందా?

నల్లమల_నోడ్

ఇబ్బందే. ఇదేమోనన్న అనుమానంతోనే అడిగాను. మొదట హార్డ్ డిస్క్‌లో విండోస్ ఉండి, తర్వాత ఎస్‌ఎస్‌డీ చేర్చి, రెండూ తగిలించి ఉండగానే కొత్తగా విండోస్ వేసిన కంప్యూటర్లలో ఇది సర్వసాధారణం. ఇన్‌స్టాలర్‌కు అప్పటికే ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్ కనిపిస్తే బూట్ ఫైళ్ళను అందులోనే పెట్టేస్తుంది. మీ విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉన్నా దాన్ని నిద్రలేపేది హార్డ్ డిస్కే. ఈ స్థితిలో ఎస్‌ఎస్‌డీని మాత్రమే క్లోన్ చేసి హార్డ్ డిస్క్ తీసేస్తే కంప్యూటర్ నేరుగా బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్ తెరలోకి వెళ్ళి కూర్చుంటుంది.

సరిచేయడం పెద్ద పని కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని 300 ఎంబీ మేరకు కుదించండి. అడ్మినిస్ట్రేటర్‌గా డిస్క్‌పార్ట్ (డిస్కులను కమాండ్లతో నడిపే విండోస్ సాధనం) తెరిచి, ఎస్‌ఎస్‌డీని ఎంచుకుని, ఆ ఖాళీలో ఈఎఫ్ఐ రకం పార్టిషన్ సృష్టించి, ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, దానికి ఎస్ అనే అక్షరం ఇవ్వండి. తర్వాత బీసీడీబూట్ కమాండ్‌కు సీలోని విండోస్ ఫోల్డర్‌ను, గమ్యంగా ఎస్‌ను, ఫర్మ్‌వేర్ రకంగా యూఈఎఫ్ఐని ఇస్తే కొత్త బూట్ ఫైళ్ళు ఎస్‌ఎస్‌డీలోనే తయారవుతాయి. అప్పుడు కంప్యూటర్ ఆపి, హార్డ్ డిస్క్ సాటా కేబుల్ పీకి, ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో విండోస్ లేస్తుందో లేదో చూడండి. లేస్తేనే తర్వాతి అడుగు.

తుంగభద్ర_టెక్

పై సలహాకు ఒక సవరణ. కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ సీకి కుడిపక్కన పడుతుంది. ఇలాగే క్లోన్ చేసి, ఆ తర్వాత కొత్త డ్రైవ్‌లో సీని పెంచుదామంటే డిస్క్ మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు, ఎందుకంటే అది తన పక్కనే ఉన్న ఖాళీలోకి మాత్రమే పెంచగలదు. విండోస్ రికవరీ పార్టిషన్ ఉన్నవారికి కూడా ఇదే అడ్డం వస్తుంది. అందువల్ల క్లోన్ చేసే సమయంలోనే సీ సైజును నిర్ణయించాలి. డ్రైవ్ కంపెనీలు ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి పార్టిషన్ సైజులు మార్చుకునే వీలుంది. కొన్ని కంపెనీలు అక్రానిస్ అనే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌ను తమ డ్రైవ్ తగిలించి ఉంటేనే పనిచేసేలా ఇస్తున్నాయి. ఒకప్పుడు అందరూ చెప్పే మాక్రియం ఉచిత వెర్షన్ ఇప్పుడు లేదు, 2024 మొదటికే దానికి మద్దతు ఆపేశారు. క్లోన్‌జిల్లా ఉచితమే, నమ్మకమైనదే, కానీ దాని నల్లతెరను చూసి మూలం ఏదో గమ్యం ఏదో తికమకపడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ విండోస్ మీద పడుతుంది. అలవాటు లేనివారు దాని జోలికి వెళ్ళకపోవడం మంచిది.

2 టీబీ అని అమ్మినా విండోస్‌లో కనిపించేది సుమారు 1863 జీబీ. సీకి 600 ఇచ్చినా గేములకు 1250కి పైగా మిగులుతుంది. సీకి అంత ఎందుకంటే ఎక్స్‌బాక్స్ గేము సంగతి ఉంది కాబట్టి. దాని గురించి ఎవరైనా వివరంగా చెబితే బాగుంటుంది.

రేడియంట్_కల

అన్నయ్యలకు నమస్కారం. నాదీ దాదాపు ఇదే పరిస్థితి, కాకపోతే నేను ఆడేది వాలరెంట్ ఒక్కటే. క్లోన్ చేస్తే, ఆ గేములో మోసాలను అడ్డుకునే వాన్‌గార్డ్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుందని స్నేహితులు భయపెడుతున్నారు. నిజమేనా?

తుంగభద్ర_టెక్

తమ్ముడూ, విండోస్ 11లో వాన్‌గార్డ్ చూసేది టీపీఎం 2.0 (కంప్యూటర్‌లోని భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైళ్ళనే నడవనిచ్చే ఏర్పాటు) పనిచేస్తున్నాయా లేదా అని. ఆ రెండూ మదర్‌బోర్డ్ వైపు సంగతులు. డ్రైవ్ మారినంత మాత్రాన అవి మారవు. గేమూ వాన్‌గార్డూ సీలోనే ఇన్‌స్టాల్ అయి ఉంటే క్లోన్‌తోపాటే వచ్చేస్తాయి. చిక్కు వచ్చేది పాత లెగసీ పద్ధతిలో విండోస్ వేసుకున్నవారికి. లెగసీ మోడ్‌లో సెక్యూర్ బూట్ ఉండదు, ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావడానికి కూడా యూఈఎఫ్ఐ కావాలి. అలాంటివారు క్లోన్‌కు ముందే, విండోస్‌తో వచ్చే ఎంబీఆర్2జీపీటీ సాధనంతో డిస్క్‌ను మార్చుకుని, బయోస్‌లో సీఎస్ఎం (లెగసీ పద్ధతికి వీలిచ్చే అమరిక) ఆపి, విండోస్ లేస్తోందని నిర్ధారించుకోవాలి. బయోస్‌లోకి వెళ్ళినప్పుడు టీపీఎంను క్లియర్ చేయమనే ఎంపిక కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు.

అదే ఊపులో అందరికీ ఒక హెచ్చరిక. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే సౌకర్యం) గానీ, ప్రో వాడేవారికి బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేసుకుని మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవారికి చాలా సందర్భాల్లో అది వారికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. క్లోన్‌కు ముందు దాన్ని పూర్తిగా ఆఫ్ చేసి, డిక్రిప్షన్ ముగిసేదాకా ఆగండి. రికవరీ కీని కాగితం మీద రాసుకోండి.

విశాఖ_వోల్టేజ్

హార్డ్ డిస్క్ ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు. అంతంత డేటాను ఏకధాటిగా చదివించే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కనపెట్టినవి), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (చదవడానికి మొరాయిస్తున్నవి) సున్నాగా ఉన్నాయో లేదో చూడండి. పెండింగ్ కనిపిస్తే ముందు సేవ్‌లు, తర్వాత పెద్ద గేములు అన్న వరుసలో తీసుకోవాలి.

కాపీకి ఎక్స్‌ప్లోరర్ కన్నా విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ కమాండ్ మేలు. వేసవిలో మా వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మధ్యలో ఆగితే అదే కమాండ్ మళ్ళీ ఇచ్చినప్పుడు అప్పటికే చేరిన ఫైళ్ళను అది వదిలేసి ముందుకు పోతుంది. ఉపఫోల్డర్లన్నీ రావడానికి /E స్విచ్, జంక్షన్లను (వేరే ఫోల్డర్‌కు దారిచూపే లింకులను) దాటవేయడానికి ఎక్స్‌జే (/XJ) స్విచ్ ఇవ్వండి. ఆర్, డబ్ల్యూ స్విచ్‌లకు 1 చొప్పున ఇవ్వడం మరిచిపోవద్దు. ఇవ్వకపోతే చదవలేని ఫైల్ ఒక్కటి తగిలినా 30 సెకన్లకు ఒకసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తానని అది భీష్మించుకుని కూర్చుంటుంది. ఇంటర్నెట్‌లో చాలామంది మిర్ స్విచ్ వాడమంటారు. అది మూలంలో లేనివాటిని గమ్యంలో తుడిచేస్తుంది కాబట్టి రెండు దారులు తారుమారైతే ఖాళీ డ్రైవ్ మిగులుతుంది. ఈ పనికి దాని అవసరమే లేదు. మొత్తం డ్రైవ్‌ను కాకుండా స్టీమ్ లైబ్రరీ, ఎపిక్ ఫోల్డర్లను విడివిడిగా ఇవ్వండి. చివర్లో వచ్చే పట్టికలో ఫెయిల్డ్ గడి సున్నా అయితే నిశ్చింత.

కృష్ణాతీరం

డిస్క్ ఆరోగ్యం బాగానే ఉంది, రెండు అంకెలూ సున్నాలే. 800 జీబీకి ఎంత సమయం పట్టవచ్చు? ఎక్స్‌బాక్స్ గేము సంగతి కూడా చెప్పగలరా?

విశాఖ_వోల్టేజ్

సగటున సెకనుకు 120 ఎంబీ వచ్చిందనుకుంటే రెండు గంటల లోపే అయిపోవాలి. లక్షల్లో చిన్న ఫైళ్ళుండే గేములు ఆ సగటును కిందికి లాగుతాయి కాబట్టి మూడు, నాలుగు గంటలు పట్టినా కంగారుపడకండి. ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది పాత హార్డ్ డిస్కే. క్యూఎల్‌సీ రకం మెమరీ ఉన్న చవక డ్రైవ్‌లు క్యాష్ నిండాక రాతలో బాగా నెమ్మదిస్తాయన్న ఫిర్యాదు ఎన్‌వీఎంఈ నుంచి ఎన్‌వీఎంఈకి కాపీ చేసేవారికి ఎక్కువగా వర్తిస్తుంది. మీ బీ450లో స్లాట్ పీసీఐఈ 3.0 కాబట్టి డ్రైవ్ డబ్బా మీద సెకనుకు 7000 ఎంబీ అని రాసి ఉన్నా మీకు 3500 దగ్గరే ఆగుతుంది. గేము తెరుచుకోవడంలో ఆ తేడా కంటికి కనిపించేంత ఉండదు, హార్డ్ డిస్క్ నుంచి వస్తున్న మీకు అసలే తెలియదు.

నల్లమల_నోడ్

ఎక్స్‌బాక్స్ యాప్ గేములను చేత్తో కాపీ చేయాలని చూడకండి. వాటి ఫోల్డర్ల అనుమతులు వేరు, గేము ఎక్కడుందన్న లెక్కను విండోసే రాసుకుంటుంది. ఫైళ్ళు వచ్చినా గేము తెరుచుకోకపోవచ్చు. అందుకే సీకి 600 జీబీ ఇవ్వమన్న సలహా మంచిది. క్లోన్ పూర్తయి, కొత్త డ్రైవ్ నుంచి విండోస్ లేచాక, డ్రైవ్ అక్షరాలు మార్చకముందే, సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో ఫోర్జా పక్కన మూవ్ నొక్కి సీలోకి పంపండి. తర్వాత డీ అక్షరం ఎటుపోయినా దానికి సంబంధం ఉండదు.

క్లోన్ అయిన వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. కంప్యూటర్ ఆపి పాత 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కేబుల్ తీసేసి, ఆ తర్వాతే మొదటిసారి ఆన్ చేయండి. అచ్చుగుద్దినట్టున్న రెండు డిస్కులు ఒకేసారి కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, లేదా మీరు కొత్తదనుకుని పాతదాని మీదే పనిచేస్తుంటారు.

పార్క్‌లేన్_పాతకాపు

కొత్త ఇన్‌స్టాలేషనే శుభ్రమన్న నా మాట మీద నేనున్నాను గానీ, ఎపిక్ గేములు ఎక్కువున్నవారికి క్లోనే నయమని ఒప్పుకోక తప్పదు. బిగించేటప్పుడు కొన్ని సంగతులు. పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ లోహాన్ని తాకి అప్పుడు డ్రైవ్ పట్టుకోండి. స్లాట్‌లోకి ఏటవాలుగా దూర్చి కిందికి వంచి స్క్రూ బిగించాలి. బోర్డుతో హీట్‌సింక్ వస్తే దాని ప్యాడ్ మీద ఉన్న ప్లాస్టిక్ పొరను తీయండి. ఆ పొర ఉంచేసి డ్రైవ్ వేడెక్కుతోందని మా షాపుకు తెచ్చినవారు కోకొల్లలు. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. హార్డ్ డిస్క్ మాయమైతే డ్రైవ్ పాడైందనుకోకుండా మాన్యువల్ చూసి కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చండి.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. బీసీడీబూట్‌తో ఎస్‌ఎస్‌డీ ఒంటరిగా బూట్ అయింది, క్లోన్ కూడా సీకి 600 జీబీతో సజావుగా జరిగింది, ఫోర్జా సీలోకి వెళ్ళింది. రోబోకాపీ పట్టికలో ఫెయిల్డ్ సున్నా. ఇప్పుడు పాత హార్డ్ డిస్క్ డీ అక్షరాన్ని జెడ్‌గా మార్చబోతే, డ్రైవ్ వాడకంలో ఉందని విండోస్ అభ్యంతరం చెబుతోంది. స్టీమ్, ఎపిక్ రెండూ మూసే ఉన్నాయి.

తుంగభద్ర_టెక్

పాత ఎస్‌ఎస్‌డీ నిండిపోవడంతో ఎప్పుడో పేజ్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్‌ను) డీకి మార్చి ఉంటారు. అడ్వాన్స్డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద వర్చువల్ మెమరీ తెరిచి, డీకి నో పేజింగ్ ఫైల్ అని, సీకి సిస్టమ్ మేనేజ్డ్ అని పెట్టి రీస్టార్ట్ చేయండి. లాంచర్లు వాటంతటవే మొదలుకాకుండా టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ యాప్స్‌లో ముందే ఆపండి. డీ లేని క్షణంలో స్టీమ్ లేస్తే గేములన్నీ ఇన్‌స్టాల్ కానట్టు చూపించి మిమ్మల్ని హడలగొడుతుంది.

కృష్ణాతీరం

పేజ్ ఫైల్ డీలోనే ఉంది, మీరన్నది నిజమే. మార్చి రీస్టార్ట్ చేశాక అక్షరాల మార్పిడి ఒక్క నిమిషంలో అయిపోయింది. స్టీమ్ తెరిస్తే గేములన్నీ యథాతథంగా ఉన్నాయి. ఎపిక్ గేములు కూడా ప్లే బటన్‌తోనే కనిపిస్తున్నాయి, వాలరెంట్ నడిచింది. పెద్ద గేములు రెండింటికి వెరిఫై ఇంటెగ్రిటీ నడిపితే తేడా ఏమీ రాలేదు. ఆఖరుగా ఒక సందేహం. పాత హార్డ్ డిస్క్‌ను ఇప్పుడే ఫార్మాట్ చేయవచ్చా? అందులోని 100 ఎంబీ పార్టిషన్‌ను డిలీట్ చేసే ఎంపిక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించడం లేదు.

నల్లమల_నోడ్

ఇప్పుడే వద్దు. రెండు డిస్కుల కేబుళ్ళూ తీసి కొన్ని వారాలు పక్కన పెట్టండి. ఈలోగా ప్రతి గేమునూ ఒకసారి తెరిచి, సేవ్ లోడ్ అవుతోందో లేదో చూసుకోండి. ఆ తర్వాత హార్డ్ డిస్క్‌ను తగిలించి, ఈఎఫ్ఐ పార్టిషన్ రక్షణలో ఉంటుంది కాబట్టి డిస్క్‌పార్ట్‌లోనే లిస్ట్ డిస్క్ ఇచ్చి, సైజు చూసి సరైన డిస్క్ నంబర్ ఎంచుకుని, క్లీన్ ఇవ్వండి. అది నిర్ధారణ అడగదు, ఎంటర్ నొక్కగానే పార్టిషన్లన్నీ పోతాయి. అందుకని ఆ సమయంలో ఎన్‌వీఎంఈని, తుడవాల్సిన ఆ ఒక్క డిస్క్‌ను మాత్రమే తగిలించి ఉంచండి. శుభ్రమైన హార్డ్ డిస్క్‌ను స్టీమ్‌లో రెండో లైబ్రరీగా చేర్చుకోవచ్చు. ఆడటం ఆపేసిన గేములను ప్రాపర్టీస్‌లోని ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ విభాగంలో ఉన్న మూవ్ ఎంపికతో అక్కడికి పంపి, మళ్ళీ ఆడాలనిపించినప్పుడు ఎన్‌వీఎంఈకి తెచ్చుకోవచ్చు. మీ 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్‌తో దింపుకోవడం కన్నా అది ఎన్నో రెట్లు వేగం.